పాత కారు ఆయిల్ తాగేస్తోందా? కారణం పట్టుకుని, సరైన ఆయిల్ ఎంచుకుని, వాడకం తగ్గించే పద్ధతి

పాత కారులో ఆయిల్ తగ్గుతోందని తెలియగానే చాలామంది వెళ్లి ఇంకాస్త చిక్కటి ఆయిల్ కొంటారు. ఒక్కోసారి దాంతో పొగ తగ్గుతుంది, ఒక్కోసారి ఏ మార్పూ రాదు, కొన్ని ఇంజిన్లలో అయితే కొత్త శబ్దాలు మొదలవుతాయి. ఆయిల్ పోవడానికి చాలా దారులుండటమే దీనికి కారణం. ప్యాకింగుల్లోంచి బయటికి కారవచ్చు. వాల్వ్ సీల్స్ దాటి సిలిండర్‌లోకి దిగవచ్చు. పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పక్కనుంచి పైకెక్కి కాలిపోవచ్చు. ఆవిరై, ఇంజిన్ లోపలి గ్యాస్‌ని బయటికి పంపే పీసీవీ గొట్టం ద్వారా ఇన్‌టేక్‌లోకి (ఇంజిన్ గాలి పీల్చే దారిలోకి) చేరవచ్చు. టర్బో దగ్గర జారవచ్చు. హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంట్‌లో కలవవచ్చు. ఒక్కో దారికి మందు వేరు. అందుకే ఇక్కడ ఆయిల్ ఎంపిక సగం దాటాక గానీ రాదు. ఖర్చు లేని పనులు ముందు, ఖర్చయ్యేవి చివర వచ్చేలా వరుస పెట్టాను. దయచేసి ఆ వరుస మార్చకండి.

మొదటి మెట్టు: ఎంత తగ్గుతోందో కొలవండి

"బాగా తాగుతోంది" అనే మాటతో మెకానిక్ కూడా ఏమీ తేల్చలేడు. లెక్క కావాలి.

కారును చదునైన చోట నిలపండి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపి, 5 నుంచి 10 నిమిషాలు ఆగండి. పైన ఉన్న ఆయిల్ కిందకు దిగడానికి ఆ సమయం పడుతుంది. డిప్‌స్టిక్ తీసి తుడిచి, పూర్తిగా లోపలికి దించి, మళ్లీ తీసి చూడండి. ఓనర్ మాన్యువల్‌లో చల్లటి ఇంజిన్ మీద చూడమని ఉంటే అలాగే చూడండి. ఏ పద్ధతైనా ప్రతిసారీ అదే పాటించాలి, లేకపోతే రెండు కొలతలను పోల్చలేం.

లెవెల్ సరిగ్గా మాక్స్ గీత దగ్గరికి తెచ్చి ఓడోమీటర్ రీడింగ్ రాసుకోండి. వెయ్యి కిలోమీటర్లు దాటాక మళ్లీ మాక్స్‌కి రావడానికి ఎంత పట్టిందో గీతలున్న కొలజాడీతో కొలిచి పోయండి. పోసిన లీటర్లను 1000తో గుణించి, నడిచిన కిలోమీటర్లతో భాగిస్తే చాలు. 1600 కి.మీ.కి 0.4 లీటర్ పట్టిందంటే, 1000 కి.మీ.కి 0.25 లీటర్ అన్నమాట. ఒక్క కొలతతో నిర్ణయానికి రాకండి, రెండు మూడు తీసుకోండి. మధ్యలో లెవెల్ మిన్ దగ్గరికి వస్తే మాత్రం వెయ్యి కిలోమీటర్ల కోసం ఆగొద్దు. పోసేయండి, పోసినది లెక్కలో కలపండి. చాలా కార్లలో మిన్, మాక్స్ గీతల మధ్య సుమారు ఒక లీటర్ పడుతుంది.

ఎంత తగ్గితే ఎక్కువ? కొన్ని కంపెనీలు 1000 కి.మీ.కి అర లీటర్ వరకు, కొన్ని ఏకంగా లీటర్ వరకు మామూలేనని మాన్యువల్‌లో రాస్తాయి. వారంటీ తగాదాలకు ఆ అంకె సరిపోతుందేమో, ఇంజిన్ ఆరోగ్యానికి సరిపోదు. నేను ఇలా చూస్తాను: 0.2 లీటర్ లోపు, పొగ లేకుండా ఉంటే, పాత కారు కాబట్టి టాపప్ చేస్తూ నడుపుకోవచ్చు. 0.2 నుంచి 0.5 మధ్య ఉంటే కింద చెప్పిన మెట్లన్నీ ఒక్కొక్కటిగా చూడాలి. అర లీటర్ దాటితే ఆలస్యం చేయకూడదు. కాలిన ఆయిల్‌లోని ఫాస్ఫరస్, బూడిద కలిసి క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తాయి. స్పార్క్ ప్లగ్గులు, ఆక్సిజన్ సెన్సార్ల మీద కూడా మసి పేరుకుంటుంది.

కొలిచేటప్పుడు రెండు విషయాలు తప్పుదారి పట్టిస్తాయి. మొదటిది, ఎక్కువ పోయడం. మాక్స్ గీత పైకి పోస్తే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, ఆ అదనపు ఆయిల్ పీసీవీ ద్వారా ఇన్‌టేక్‌లోకి వెళ్లి కాలిపోతుంది. చూసేవాళ్లకు కారు ఆయిల్ తాగుతున్నట్టే ఉంటుంది. రెండోది, పెట్రోల్ లేదా డీజిల్ కలవడం. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కారులో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, కాలని ఇంధనం కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. తగ్గిన ఆయిల్ స్థానంలో ఇంధనం చేరి లెవెల్ మారనట్టు కనిపిస్తుంది. తర్వాత ఒక్కసారి హైవే మీద దూరం వెళ్తే ఆ ఇంధనం ఆవిరై లెవెల్ హఠాత్తుగా పడిపోతుంది. లెవెల్ పెరుగుతూ ఉంటే అది ఇంకా పెద్ద హెచ్చరిక. ఇంధనమో కూలెంటో కలుస్తోందని అర్థం.

ఇంకొక్క మాట. చాలా పాత కార్ల డాష్‌బోర్డు మీద వెలిగే ఎర్ర ఆయిల్ లైటు లెవెల్ గురించి చెప్పదు, ప్రెషర్ పడిపోయిందని చెబుతుంది. అది వెలిగేసరికి బేరింగులకు ఆయిల్ అందడం లేదు. వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి. లైటు వెలిగాక పోద్దాంలే అనుకుంటే ఇంజిన్ చేతికి దక్కదు.

రెండో మెట్టు: బయటికి కారుతోందేమో చూడండి

రాత్రి కారు కింద పెద్ద అట్టముక్క పరిచి ఉంచండి. పొద్దున చుక్కలు ఎక్కడ పడ్డాయో చూస్తే ఇంజిన్‌లో ఏ వైపు వెతకాలో తెలుస్తుంది. కింద చుక్క లేదంటే లీకు లేదని కాదు. వేడి ఎగ్జాస్ట్ మీద పడిన ఆయిల్ అక్కడే కాలిపోతుంది. ఆగి ఉన్నప్పుడు బానెట్ దగ్గర కాలిన ఆయిల్ వాసన వస్తే దాన్నే అనుమానించాలి. కొన్ని సీళ్లు ఇంజిన్ తిరిగేటప్పుడే కారుతాయి.

ఇంజిన్ బయట శుభ్రం చేయించి, 100, 200 కిలోమీటర్లు నడిపి, టార్చి వేసి పైనుంచి కిందకు చూడండి. ఆయిల్ కిందకు, గాలికి వెనక్కి పాకుతుంది కాబట్టి తడి మొదలైన అతి ఎత్తైన చోటే అసలు జాగా. ఎక్కువగా దొరికేవి: టాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) ప్యాకింగ్, ఆయిల్ ఫిల్టర్ అడుగు, ప్రెషర్ స్విచ్, డ్రెయిన్ బోల్టు, సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ప్యాకింగ్, క్రాంక్ ముందు సీల్, గేర్‌బాక్స్ వైపున్న వెనక సీల్. టాపెట్ కవర్ ప్యాకింగ్ చవక, పని చిన్నది. వెనక సీల్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. అందుకే వెనక సీల్ అని ఎవరైనా అనగానే ఒప్పుకోకండి. పైన టాపెట్ కవర్ నుంచి కారిన ఆయిల్ వెనకవైపు నుంచి జారి సరిగ్గా అదే చోట చుక్కలు పడేలా చేస్తుంది. తేలకపోతే ఆయిల్‌లో కలిపే అల్ట్రావయలెట్ రంగు దొరుకుతుంది. కొంత నడిపాక అల్ట్రావయలెట్ లైటు వేసి చూస్తే లీకు మెరుస్తుంది.

డ్రెయిన్ బోల్టు దగ్గర తడి ఉంటే వాషర్ మార్చండి. రాగి, అల్యూమినియం వాషర్లు నలిగి పట్టేలా చేసినవి, మళ్లీ మళ్లీ వాడేవి కావు. కారు కిందకు వెళ్లాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, స్టాండ్లు పెట్టాలి.

మూడో మెట్టు: పీసీవీ వాల్వ్

పది మందిలో తొమ్మిది మంది వదిలేసే భాగం ఇదే. నా దృష్టిలో మాత్రం అన్నిటికంటే ముందు మార్చదగ్గది. రింగుల పక్కనుంచి కొంత గ్యాస్ ఎప్పుడూ క్రాంక్‌కేస్‌లోకి, అంటే ఇంజిన్ కింది భాగంలోకి దిగుతూ ఉంటుంది. దాన్ని మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపి కాల్చడం పీసీవీ పని. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి సీళ్లలోంచి ఆయిల్‌ని బయటికి నెడుతుంది. అంటే కొత్త సీల్ వేసినా కొన్నాళ్లకు మళ్లీ కారుతుంది. అదే పీసీవీ తెరుచుకుని ఇరుక్కుంటే ఇన్‌టేక్ వాక్యూమ్ ఆయిల్ ఆవిరిని నేరుగా పీల్చుకుంటుంది.

పరీక్ష తేలిక. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద పలుచటి కాగితం పెట్టండి. చాలా పెట్రోల్ ఇంజిన్లలో కాగితం మెల్లగా లోపలికి అతుక్కోవాలి. ఎగిరిపోతే పీసీవీ మూసుకుందన్నా అనుకోవాలి, రింగులు అరిగాయన్నా అనుకోవాలి. మరీ గట్టిగా లాగేస్తూ ఈల శబ్దం వస్తే లోపలి డయాఫ్రమ్ చిరిగి ఉండవచ్చు. వాల్వ్ విడిగా ఉండే కార్లలో తీసి ఊపితే లోపలి ముక్క టిక్కు టిక్కుమనాలి. గొట్టాలు గట్టిపడి పగిలాయేమో కూడా చూడండి.

నాలుగో మెట్టు: పొగ ఎప్పుడు వస్తోంది?

ఆయిల్ కాలితే పొగ నీలంగా ఉంటుంది. నల్ల పొగ అంటే ఇంధనం ఎక్కువ పడుతోంది. తీయటి వాసనతో ఆగకుండా వచ్చే తెల్ల పొగ కూలెంట్‌ది. దానితో పాటు ఆయిల్ మూత కింద మీగడలాంటి పదార్థం, కూలెంట్ డబ్బాలో జిడ్డు కూడా ఉంటే కారు నడపడం ఆపి హెడ్ గ్యాస్కెట్ పరీక్ష చేయించండి. చలిలో చిన్న దూరాలు తిరిగే కారులో నీటి ఆవిరి వల్ల కూడా మూత కింద కొంచెం మీగడ కడుతుంది, దానికి కంగారు అక్కర్లేదు.

నీలి పొగలో రంగు కంటే వచ్చే సమయం ముఖ్యం. రాత్రంతా ఆగిన కారు స్టార్ట్ చేయగానే ఒక్కసారి గుప్పుమని వచ్చి పోతే వాల్వ్ సీల్స్. రబ్బరు గట్టిపడి, రాత్రిపూట ఆయిల్ వాల్వ్ కాండం వెంట దిగి చేరుతుంది. పెద్ద దిగుడు రోడ్డులో యాక్సిలరేటర్ వదిలి వచ్చి, మళ్లీ తొక్కగానే వెనక నీలి మేఘం వస్తే అది కూడా సాధారణంగా వాల్వ్ సీల్స్, గైడ్ల పనే. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇన్‌టేక్‌లో వాక్యూమ్ బాగా పెరిగి ఆయిల్‌ని లాగుతుంది. లోడు మీద పికప్ అందుకునేటప్పుడు ఆగకుండా వస్తే రింగులు లేదా బోర్ (సిలిండర్ లోపలి గోడ). టర్బో కారులో కాసేపు ఐడిల్‌లో ఉంచి ఎత్తగానే వస్తే టర్బో సీలునీ, దాని ఆయిల్ తిరిగి దిగే గొట్టాన్నీ అనుమానించాలి. ఆ గొట్టం మూసుకుపోయినా మంచి టర్బో కూడా ఆయిల్ కక్కుతుంది. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ కూడా కంప్రెసర్ వైపు నుంచి ఆయిల్ లాగిస్తుంది కనుక, టర్బో తీసే ముందు ఫిల్టర్ చూడండి.

ఈ పరీక్షకు వెనక కారులో ఇంకొకరు ఉంటే మంచిది, అద్దంలో చూస్తే సరిగా తెలియదు. పొగ కనిపించలేదని ఆయిల్ కాలడం లేదనుకోవడం కూడా పొరపాటే. పనిచేస్తున్న క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న కారు కొద్దికొద్దిగా కాల్చే ఆయిల్‌ని కంటికి కనబడనివ్వదు.

ఐదో మెట్టు: ప్లగ్గులు, కంప్రెషన్

స్పార్క్ ప్లగ్గులు తీసి వరసగా పెట్టండి. ఒక్కదానికే తడి నల్లటి జిడ్డు ఉంటే సమస్య ఆ ఒక్క సిలిండర్‌ది. అన్నిటికీ ఉంటే మొత్తం అరుగుదల లేదా పీసీవీ. ప్లగ్ పైభాగం, అంటే గూడులో ఉండే వైపు తడిగా ఉంటే అది కాలడం కాదు. టాపెట్ కవర్ లోపలి ప్లగ్ సీల్ లీకు.

తర్వాత కంప్రెషన్ టెస్ట్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకున్నప్పుడు ఎంత ఒత్తిడి వస్తుందో కొలవడం. ఒక సిలిండర్ తక్కువ చూపిస్తే అందులో చెంచాడు ఆయిల్ వేసి మళ్లీ కొలుస్తారు. అంకె బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. గాలి ఎక్కించి చూసే లీక్‌డౌన్ టెస్ట్ ఇంకా నమ్మదగ్గది. ఆయిల్ మూత దగ్గర బుసబుసలు వినిపిస్తే రింగులు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, రేడియేటర్‌లో బుడగలు వస్తే గ్యాస్కెట్.

ఇక్కడ చాలామంది మోసపోయే సంగతి ఒకటి ఉంది. కంప్రెషన్ బాగుంటే రింగులు బాగున్నట్టు కాదు. పిస్టన్‌కి సాధారణంగా మూడు రింగులుంటాయి. కంప్రెషన్ పట్టేవి పై రెండూ. గోడ మీది ఆయిల్‌ని గీకి కిందకు దించేది మూడోది, ఆయిల్ రింగ్. దాని గాడిలో ఆయిల్ తిరిగి దిగే చిన్న రంధ్రాలు కార్బన్‌తో మూసుకుపోతే, రింగ్ గాడిలో ఇరుక్కుని గోడని గీకడం మానేస్తుంది. అప్పుడు గేజీ మంచి అంకె చూపిస్తుంది, కారు మాత్రం ఆయిల్ తాగుతుంది. ఆయిల్ మార్పిడి ఆలస్యం చేసిన కార్లలో, ఇంధనం ఆదా కోసం తక్కువ బిగువు రింగులు వేసిన ఇంజిన్లలో ఇది మామూలు. దీనికి ఇంజిన్ విప్పే ముందు ప్రయత్నించదగ్గ దారి ఒకటుంది, ఎనిమిదో మెట్టులో చెబుతాను.

ఆరో మెట్టు: డబ్బా మీద రాతలు చదవండి

5డబ్ల్యూ-30 లాంటి అంకెలు ఎస్‌ఏఈ గ్రేడ్లు, అంటే ఆయిల్ చిక్కదనం చెప్పే కొలతలు. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. క్రాంకింగ్ పరీక్షను 5డబ్ల్యూకి మైనస్ 30 డిగ్రీల దగ్గర, 10డబ్ల్యూకి మైనస్ 25 దగ్గర, 15డబ్ల్యూకి మైనస్ 20 దగ్గర చేస్తారు. రెండో అంకె వేడి మీద చిక్కదనం. 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడు ఆయిల్ 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల (చిక్కదనం కొలిచే యూనిట్) మధ్య, 40 గ్రేడు 12.5 నుంచి 16.3 మధ్య, 50 గ్రేడు 16.3 నుంచి 21.9 మధ్య ఉండాలి. ఈ పరిధులు వెడల్పైనవి. 12.3 ఉన్న 30 గ్రేడుకీ 12.7 ఉన్న 40 గ్రేడుకీ ఇంజిన్‌లో పెద్ద తేడా ఉండదు. అదే 9.5 ఉన్న 30 గ్రేడు చాలా పలచన. అందుకే గ్రేడు మార్చకుండానే కొంచెం చిక్కటి ఆయిల్ ఎంచుకోవచ్చు. ఆ అంకె కంపెనీలు ఇచ్చే టెక్నికల్ డేటా షీట్‌లో ఉంటుంది.

అదే షీట్‌లో ఆయిల్ తాగే కారుకు పనికొచ్చే ఇంకో అంకె ఉంది, నోయాక్. ఆయిల్‌ని 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే ఎంత శాతం ఆవిరైపోయిందో అది చెబుతుంది. అమెరికా ప్రమాణమైన ఏపీఐలోని ఎస్‌పీ తరగతికి గరిష్ఠం 15 శాతం, యూరప్ ప్రమాణమైన ఏసీఈఏలోని ఏ3/బీ4కి 13. మంచి సింథటిక్ ఆయిళ్లు 10 కంటే తక్కువలో ఉంటాయి. సీళ్లూ రింగులూ బాగుండి కొంచెం కొంచెం తగ్గే కారుకు తక్కువ నోయాక్ ఆయిల్ వేస్తే తేడా కనిపించే అవకాశం ఉంది. డబ్బా మీది బొమ్మలు, ప్రకటనలు చూసి ఎంచుకునే బదులు ఈ ఒక్క అంకె చూడమని అందరికీ చెబుతాను.

ఏపీఐ తరగతులు పెట్రోల్ ఇంజిన్లకు ఎస్‌తో మొదలవుతాయి: 2010లో ఎస్‌ఎన్, 2020లో ఎస్‌పీ, 2025లో ఎస్‌క్యూ వచ్చాయి. పెట్రోల్ కారుకు సాధారణంగా కొత్త తరగతి పాతదాని స్థానంలో వాడొచ్చు. ఎస్‌ఏ, ఎస్‌బీ లాంటి కాలం చెల్లిన తరగతులు ఎంత చవకైనా వద్దు. సీతో మొదలయ్యేవి డీజిల్ తరగతులు. డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ ఉన్న కారుకు తక్కువ బూడిద మిగిల్చే ఏసీఈఏ సీ తరగతి కావాలి. అందులో ఏ3/బీ4 పోస్తే ఫిల్టర్ తొందరగా నిండిపోతుంది. వీటన్నిటికంటే పైన మాన్యువల్‌లో కారు కంపెనీ రాసిన అప్రూవల్ కోడ్ ఉంటుంది. అది తప్పనిసరి.

ఏడో మెట్టు: మీ కారుకు ఏది?

మాన్యువల్ తెరిస్తే చాలాసార్లు ఒక్క గ్రేడు కాదు, బయటి ఉష్ణోగ్రతను బట్టి రెండు మూడు గ్రేడుల పట్టిక ఉంటుంది. పాత ఇంజిన్‌కి నా సలహా, ఆ పట్టికలోనే చిక్కటి వైపుకు ఒక్క మెట్టు జరగడం. 5డబ్ల్యూ-30 వాడుతుంటే, మాన్యువల్ అనుమతిస్తే 5డబ్ల్యూ-40. ముందు అంకె మారలేదు కాబట్టి పొద్దున చలి స్టార్ట్‌లో ఆయిల్ పైకి చేరడం ఆలస్యం కాదు. ఏకంగా 20డబ్ల్యూ-50కి దూకడం వద్దు. వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే వేరియబుల్ వాల్వ్ టైమింగ్, వాల్వులను నెట్టే హైడ్రాలిక్ లిఫ్టర్లు సన్నటి ఆయిల్ దారులతో పనిచేస్తాయి. మరీ చిక్కటి ఆయిల్ వాటికి సమయానికి అందదు, మైలేజీ కూడా తగ్గుతుంది.

లీకులున్న కారుకు హై మైలేజ్ అని అమ్మే ఆయిళ్లు ప్రయత్నించదగ్గవే. వాటిలో గట్టిపడిన రబ్బరును కొంచెం మెత్తబరిచి ఉబ్బించే పదార్థాలుంటాయి. ఫలితం ఒక్క రోజులో రాదు, కనీసం ఒక ఆయిల్ మార్పిడి వ్యవధి ఇవ్వాలి. చిరిగిన సీల్‌ని, పగిలిన ప్యాకింగ్‌ని ఏ ఆయిలూ అతికించదు.

సింథటిక్ పోస్తే పాత కారు లీకవుతుందనే భయం ఎప్పటినుంచో ఉంది. సీల్ బాగుంటే సింథటిక్ దాన్ని పాడుచేయదు. మడ్డి పేరుకుని ఆ మడ్డే లీకును ఆపుతున్న ఇంజిన్‌లో మాత్రం, శుభ్రమయ్యాక దాగి ఉన్న లీకు బయటపడవచ్చు. దారిలో టాపప్ అవసరమై మీ బ్రాండ్ దొరక్కపోతే అదే గ్రేడు, అదే తరగతి వేరే బ్రాండ్ పోయండి, సింథటిక్‌లో మినరల్ కలిసినా ఫర్వాలేదు. ఆయిల్ తక్కువతో నడపడం కంటే అది ఎన్నో రెట్లు మేలు.

ఎనిమిదో మెట్టు: ఇరుక్కున్న రింగులు వదిలించడం

ఆయిల్ రింగ్ ఇరుక్కుందని అనుమానమైతే ముందు నెమ్మదైన దారి పట్టండి. డిటర్జెంట్ బాగా ఉన్న మంచి ఆయిల్ పోసి, మాన్యువల్ చెప్పిన దూరంలో సగానికే ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చుతూ మూడు నాలుగు సార్లు నడపండి. కార్బన్ కొద్దికొద్దిగా కరిగి ఫిల్టర్‌లో చేరుతుంది.

అది చాలకపోతే పిస్టన్ సోక్, అంటే పిస్టన్లను ద్రవంలో నానబెట్టడం. ఆయిల్ మార్చబోయే ముందే చేయాలి. ఇంజిన్ గోరువెచ్చగా ఉండగా ప్లగ్గులు తీసి, పిస్టన్లన్నీ దాదాపు మధ్యలో ఉండేలా తిప్పి, కార్బన్ కరిగించే ద్రవాన్ని ఒక్కో సిలిండర్‌లో డబ్బా మీద చెప్పినంత పోసి, కొన్ని గంటలో ఒక రాత్రో వదిలేయాలి. ఇక అసలు జాగ్రత్త. ప్లగ్గులు పెట్టకుండానే, ఇగ్నిషన్, ఇంధనం సరఫరా కట్ చేసి, రంధ్రాల మీద గుడ్డ కప్పి, మిగిలిన ద్రవమంతా బయటికి వచ్చేదాకా ఇంజిన్‌ని క్రాంక్ చేయాలి. ద్రవం లోపల ఉండగా ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేస్తే పిస్టన్‌ని పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చి, తెరిచిన చోట స్టార్ట్ చేయండి, కొంతసేపు దట్టమైన పొగ వస్తుంది.

ఆయిల్‌లో పోసి లోపల కడిగే ఇంజిన్ ఫ్లష్‌లు మడ్డి ఎక్కువున్న ఇంజిన్‌కి ప్రమాదం. ఊడిన మడ్డి పెళ్లలు సంప్‌లో ఆయిల్ పీల్చే జాలీకి అడ్డుపడి ప్రెషర్ పడిపోతుంది. ఆయిల్‌ని చిక్కబరిచే డబ్బాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అవి పొగని కొన్నాళ్లు దాస్తాయి, అంతే.

తొమ్మిదో మెట్టు: నడిపే తీరు

చల్లటి ఇంజిన్‌ని మొదటి కొన్ని కిలోమీటర్లు ఎక్కువ రెవ్స్‌కి తీసుకెళ్లకండి. ఆగకుండా ఎక్కువ రెవ్స్‌లో నడిపితే ఆయిల్ వాడకం పెరుగుతుంది, అదే వేగంలో పై గేరులో వెళ్తే తగ్గుతుంది. వారానికొకసారైనా ఇంజిన్ పూర్తిగా వేడెక్కేంత దూరం నడపండి, ఇంధనం, తేమ ఆవిరవుతాయి. తక్కువ తిరిగే కారుకైనా ఏడాదికొకసారి ఆయిల్ మార్చాలి. ఎయిర్ ఫిల్టర్ పక్కనుంచి దుమ్ము దూరితే రింగులు, బోర్ అరుగుతాయి, కాబట్టి ఫిల్టర్ పెట్టెకు క్లిప్పులు సరిగా పట్టాయా చూడండి. తీసిన పాత ఆయిల్‌ని కాలువలో, మట్టిలో పోయకుండా డబ్బాలో పట్టి రీసైక్లింగ్‌కి ఇవ్వండి.

పదో మెట్టు: విప్పాల్సిందేనా?

పైవన్నీ చేశాక మళ్లీ మొదటి మెట్టులా కొలవండి. వాల్వ్ సీల్స్ అని తేలితే భయం అక్కర్లేదు. చాలా ఇంజిన్లలో సిలిండర్‌లోకి గాలి ఎక్కించి వాల్వులు కిందకు పడకుండా ఆపి, హెడ్ విప్పకుండానే మారుస్తారు. మెకానిక్‌ని ఈ పద్ధతి చేయగలరా అని ముందే అడగండి, ఖర్చులో చాలా తేడా వస్తుంది. రింగులు, బోర్ అయితే ఇంజిన్ పని, ఆయిల్ టాపప్ ఖర్చు, కారు విలువ మూడూ కాగితం మీద రాసి పోల్చండి. 1000 కి.మీ.కి పావు లీటర్ తాగే కారుకు ఓవర్‌హాల్ చేయించడం సాధారణంగా దండగ, ప్రతి 500 కి.మీ.కి డిప్‌స్టిక్ చూస్తూ నడుపుకోవడమే లాభం. లీటర్‌కి చేరువైతే, కంప్రెషన్ కూడా పడిపోతే పని చేయించాల్సిందే. అప్పుడు రింగులు మాత్రమే మార్చి సరిపెట్టనివ్వకండి. బోర్ కొలిచి, అవసరమైతే హోనింగ్ (బోర్ గోడను సన్నగా గరుకు పెట్టడం) చేయించి, పిస్టన్ గాడిలోని రంధ్రాలు శుభ్రం చేసి, వాల్వ్ సీల్స్, పీసీవీ కూడా కొత్తవి వేయించండి. కొత్త రింగులు కుదురుకునే దాకా తొలి వెయ్యి కిలోమీటర్లలో కొంత ఆయిల్ తగ్గడం సహజం.